రొయ్యల హేచరీ కంట్రోల్ బోర్డుకు ఊడదీసే కనెక్టర్లు: ఏ వైరుకు ఏది పెట్టాలి

మీ ప్రశ్న ఇదీ: భీమిలి తీరంలోని హేచరీలకు బ్లోయర్లు, పంపులు నడిపే కంట్రోల్ బోర్డు తయారు చేస్తున్నారు. బోర్డు మీదే 230 వోల్టుల నుంచి 12 వోల్టుల సప్లై ఉంది. కాంటాక్టర్ (మోటారు కరెంటును కలిపే పెద్ద స్విచ్చు) కాయిళ్లకు మూడు రిలేలు, నాలుగు ఫ్లోట్ స్విచ్చులు, రెండు డీఎస్18బీ20 టెంపరేచర్ ప్రోబులు, ఒక ఆర్‌ఎస్-485 డేటా లైను, మూత మీద డిస్‌ప్లే ఉన్నాయి. వైర్లన్నీ బోర్డుకే సోల్డర్ చేయడంతో బోర్డు మార్చాలంటే గంట పైనే పడుతోంది, ఈలోగా ట్యాంకుల్లో గాలి ఆగిపోతోంది. అన్నిటికీ ఎక్స్‌హెచ్ కనెక్టర్లు (వైరుకు పిన్ను నొక్కి బోర్డు సాకెట్లో గుచ్చే చిన్న రకం) పెట్టేయవచ్చా, లేక ఆకుపచ్చ స్క్రూ కనెక్టర్లు పెట్టాలా అని అడిగారు.

రెండూ కావాలి. ఏది ఎక్కడ అన్నది ఆంపియర్లను బట్టి కాదు, ఆ వైరు చివర ఎక్కడ తయారవుతుందన్నదాన్ని బట్టి తేల్చుకోండి. మీ వర్క్‌షాపులో, మీ పనిముట్టుతో, బల్ల మీద తయారయ్యే వైరుకు క్రింపు (పిన్ను రెక్కలను వైరు మీద నొక్కి పట్టించే) కనెక్టరు. సైటులో ఎలక్ట్రీషియను కోసి, చెక్కి, బిగించే వైరుకు ఊడొచ్చే స్క్రూ టెర్మినలు. ఈ గీత దాటితే ఎంత మంచి కంపెనీ సరుకు కొన్నా పనికిరాదు. రాత్రి పన్నెండింటికి ట్యాంకు పక్కన నిలబడి ఎక్స్‌హెచ్ పిన్నును నోస్ ప్లయరుతో నొక్కితే అది వారం పని చేస్తుంది, తర్వాత వచ్చీపోయీ సతాయిస్తుంది. ఆ తప్పు ఫ్లోట్ స్విచ్చు మీదకో ప్రోగ్రాము మీదకో పోతుంది కానీ పిన్ను మీదకు పోదు.

మీ బోర్డులో ఫ్లోట్ స్విచ్చులు, ప్రోబులు, ఆర్‌ఎస్-485, కాంటాక్టర్ కాయిళ్లు, 230 వోల్టుల సప్లై అన్నీ బయటి నుంచి వచ్చే వైర్లే. ఇవన్నీ స్క్రూ టెర్మినల్ జాతికి చెందుతాయి. ఎక్స్‌హెచ్‌కు మిగిలేది డిస్‌ప్లే కేబులు ఒక్కటే.

ముందు 230 వోల్టుల వైపు చూద్దాం, తప్పు జరిగితే ప్రాణం మీదకు వచ్చేది అక్కడే. బ్లోయరు మోటారు కరెంటును బోర్డు దాకా రానివ్వకండి. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు 6, 7 ఆంపియర్లు తీసుకున్నా, స్టార్టయ్యేటప్పుడు దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ భారం కాంటాక్టరుది. బోర్డు కాయిలును మాత్రమే నడపాలి. చిన్న కాంటాక్టరు కాయిలు పట్టి ఉంచడానికి పట్టేది మిల్లీ ఆంపియర్లలోనే. కాబట్టి ఇక్కడ కనెక్టరు ఆంపియర్లు సమస్యే కాదు, పిన్నుల మధ్య దూరం సమస్య.

బజారులో ఎక్కువగా దొరికే ఆకుపచ్చ ప్లగ్గులది 5.08 ఎంఎం పిచ్, అంటే పక్కపక్క పిన్నుల మధ్య దూరం. పిన్ను చుట్టూ 2.5 ఎంఎం రాగి ప్యాడు వేస్తే బోర్డు మీద రెండు ప్యాడ్ల మధ్య 2.58 ఎంఎం మిగులుతుంది. మామూలు ఇంటి లోపల 250 వోల్టులకు ప్రమాణాలు అడిగే ప్రాథమిక క్రీపేజ్ (బోర్డు ఉపరితలం వెంట దూరం) 2.5 ఎంఎం, కనుక అక్కడ బొటాబొటిగా సరిపోతుంది. హేచరీలో అలా కుదరదు. ఉప్పు తేమ పట్టిన బోర్డును పొల్యూషన్ డిగ్రీ 3 (తడి మురికి పట్టే చోట్ల తరగతి) కింద లెక్కేయాలి, దానికి 4 ఎంఎం కావాలి. అందుకని 230 వోల్టులకు 7.62 ఎంఎం పిచ్ ప్లగ్గే పెట్టండి, ప్యాడ్ల మధ్య 5.1 ఎంఎం వస్తుంది. అది దొరకకపోతే 5.08 తీసుకుని, ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య ఒక పిన్ను పీకేసి, ఆ ప్యాడు కూడా లేకుండా బోర్డు గీయించండి. 230 వోల్టుల రాగికీ సెన్సర్ల రాగికీ మధ్య ఎక్కడా 8 ఎంఎం కన్నా తగ్గనివ్వకండి.

సప్లైకి రెండు పిన్నుల ప్లగ్గు, మూడు రిలే అవుట్‌పుట్లకూ న్యూట్రలుకూ కలిపి నాలుగు పిన్నుల ప్లగ్గు. మామూలు రకంలో బోర్డు మీద మగ పిన్నులు, వైరు వైపు ఆడ సాకెట్టు ఉంటాయి. ఇన్‌కమింగ్ సప్లైకి అది సరైనదే. ప్లగ్గు ఊడినా కరెంటున్న లోహం వైరు వైపు ప్లాస్టిక్కు లోపల ఉంటుంది, వేలికి తగలదు. రిలే అవుట్‌పుట్ల దగ్గర కథ తిరగబడుతుంది: సప్లై ఉండగా ఆ ప్లగ్గు లాగితే బోర్డు మీది పిన్నులే కరెంటుతో నిలబడతాయి. వాటికి ఇన్‌వర్టెడ్ రకం, అంటే బోర్డు మీద ఆడ, వైరు వైపు మగ ఉన్నది, తెప్పించుకోండి. ఏ ప్లగ్గయినా లోడు నడుస్తుండగా లాగేది కాదని ప్యానెల్ లోపల రాసి అంటించండి. ఆర్కు పడ్డ ప్రతిసారీ తగరం పూత కొంత కాలిపోతుంది. ముందు ఎంసీబీ దించాలి.

సెన్సర్లకు 3.81 ఎంఎం పిచ్ తీసుకోండి. పిచ్ వేరు కాబట్టి 230 వోల్టుల ప్లగ్గు పొరపాటున కూడా సెన్సర్ సాకెట్లోకి దూరదు. సెన్సర్ ప్లగ్గులు ఒకదానిలోకి ఒకటి దూరకుండా పిన్నుల సంఖ్య మార్చండి: నాలుగు ఫ్లోట్లకు ఒకటే 8 పిన్నుల ప్లగ్గు, రెండు ప్రోబులకు కలిపి ఒకటే 6 పిన్నులది, ఆర్‌ఎస్-485కు షీల్డుతో కలిపి 4 పిన్నులది. పక్కపక్కనే నాలుగు ఒకేలాంటి మూడు పిన్నుల సాకెట్లు పెట్టిన బోర్డు చూస్తే, దాన్ని మార్చేవాడు కంగారులో ఉంటాడన్న ఆలోచన డిజైనులో లేదని అర్థం. ప్రోబులకు పిన్నుల వరుసలో 5 వోల్టులు మధ్యలో, డేటా ఒక పక్క, గ్రౌండు ఇంకో పక్క ఉంచండి. మూడు వైర్లను ఎవరైనా తిరగేసి బిగించినా డేటా, గ్రౌండు మాత్రమే తారుమారవుతాయి. దారిలో 4.7 కిలో ఓముల పుల్-అప్ రెసిస్టరు ఉంది కాబట్టి ప్రోబు కాలదు, రీడింగు రాదంతే.

ఈ ప్లగ్గుల్లో నాణ్యత తేడా బయటికి కనబడదు. స్క్రూ తిప్పితే లోపల లోహపు పంజరం పైకి లేచి వైరును పట్టే రకమే కొనండి, స్క్రూ మొన నేరుగా పోగుల మీద దిగే రకం వద్దు. పంజరం రకంలో కూడా ఒక తప్పు తరచూ జరుగుతుంది. స్క్రూ పూర్తిగా విప్పకుండా వైరు తోస్తే అది పంజరం లోపలికి కాకుండా కిందకి పోతుంది. స్క్రూ బిగుసుకున్నట్టే ఉంటుంది, వైరు మాత్రం వదులుగా తగిలి ఉంటుంది. బిగించాక ప్రతి వైరునూ ఒకసారి లాగి చూడమని ఎలక్ట్రీషియనుకు చెప్పండి. 3.81 ప్లగ్గు స్క్రూ చాలా చిన్నది, 0.22 నుంచి 0.25 న్యూటన్ మీటర్లు చాలు, 2.5 ఎంఎం మొన ఉన్న స్క్రూ డ్రైవరును రెండు వేళ్లతో బిగిస్తే ఆ బలం వస్తుంది. పెద్ద స్క్రూ డ్రైవరుతో అదిమితే మర చెడిపోతుంది. 5.08 రకానికి 0.5 నుంచి 0.6. బ్లోయరుకు దగ్గరగా ప్యానెల్ ఉండి అదురు ఎక్కువగా ఉంటే రెండు చివర్లా స్క్రూలుండే ఫ్లాంజ్ రకం తీసుకోండి, లేదా స్క్రూ బదులు స్ప్రింగు పట్టు ఉన్నది తీసుకోండి. అదురుకు స్ప్రింగు వదులవదు.

వైరు కొసకు సోల్డరు పూసి స్క్రూ కింద పెట్టడం మన దగ్గర చాలామందికి అలవాటు. అది మానాల్సిందే. సోల్డరు మెత్తని లోహం, స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా జరుగుతూ పలచబడుతుంది. కొన్ని నెలలకు స్క్రూ దానంతటదే వదులై, తగిలే చోట వేడి పుడుతుంది. పైగా సోల్డరు ఎక్కడ ఆగిందో అక్కడ పోగులు విరుగుతాయి. దానికి బదులు రాగి గొట్టం లాంటి లగ్గు ఎక్కించి నొక్కండి. దుకాణంలో ఫెర్రూల్ అని అడిగితే ప్యానెల్ వైర్లకు తొడిగే నంబరు ట్యూబు చేతిలో పెడతారు, బూట్‌లేస్ లగ్గు లేదా ఎండ్ సీలింగ్ లగ్గు అని అడగండి. 3.81 ప్లగ్గులో ప్లాస్టిక్ కాలరున్న లగ్గయితే 0.5 చదరపు ఎంఎం దాకానే పడుతుంది. సెన్సర్ వైర్లకు అది ధారాళంగా సరిపోతుంది.

ఇక డిస్‌ప్లే కేబులు. ఇక్కడ పేర్ల గందరగోళం ముందు విప్పాలి. జేఎస్‌టీ అన్నది ఒక జపాన్ కంపెనీ పేరు, కనెక్టరు రకం కాదు. ఆ కంపెనీ రకాల్లో పీహెచ్‌ది 2.0 ఎంఎం పిచ్, 2 ఆంపియర్లు, ఎక్స్‌హెచ్‌ది 2.5 ఎంఎం, 3 ఆంపియర్లు, వీహెచ్‌ది 3.96 ఎంఎం, 10 ఆంపియర్లు. మన దుకాణాల్లో రిలిమేట్ అని అమ్మేది 2.54 ఎంఎం పిచ్ ఉన్న మరో జాతి, మోలెక్స్ కేకే పోలిక. ఎక్స్‌హెచ్ కూ దీనికీ ఒక్క పిన్నుకు తేడా 0.04 ఎంఎం, కంటికి ఆనదు. విశాఖ డాబాగార్డెన్స్‌లో కొనేటప్పుడు వెర్నియర్ కాలిపరు వెంట తీసుకెళ్లి పది పిన్నుల సాకెట్టు కొలవండి. మొదటి పిన్ను నుంచి పదో పిన్నుకు 22.5 ఎంఎం ఉంటే ఎక్స్‌హెచ్ జాతి, 22.86 ఉంటే 2.54 జాతి. రెండు మూడు పిన్నుల దాకా ఒకదాంట్లో ఒకటి బలవంతంగా దూరతాయి కూడా, కానీ స్పర్శ పిన్ను అంచున ఉంటుంది.

డేటాషీటులో 3 ఆంపియర్లు అని ఉంటే అది 22 గేజ్ వైరుతో, వేడి పెరుగుదలకు ఒక హద్దు పెట్టుకుని చెప్పిన మాట. ఎక్స్‌హెచ్ పనిచేసే గరిష్ఠ వేడి 85 డిగ్రీలు, కరెంటు వల్ల పెరిగే వేడి కూడా అందులోనే కలిసి ఉంది. విశాఖ మే నెల ఎండలో, గాలి ఆడని ప్లాస్టిక్ బాక్సు లోపల, సప్లై వేడితో కలిపి 55, 60 డిగ్రీలు సులభంగా వస్తాయి. దాని మీద నిండు కరెంటుకు ఓ 30 డిగ్రీలు పెరిగితే హద్దు దాటినట్టే. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, సగం కరెంటు వాడితే పెరుగుదల నాలుగో వంతుకు, అంటే ఏడెనిమిది డిగ్రీలకు పడిపోతుంది. అందుకే ఇలాంటి బాక్సుల్లో ఎక్స్‌హెచ్‌ను 1.5 ఆంపియర్ల కనెక్టరుగానే చూడండి. సరిపోకపోతే రెండు పిన్నులు కలిపి వాడటం కన్నా వీహెచ్‌కు పోవడం మేలు. జంట పిన్నుల్లో ఒకటి వదులైతే మొత్తం రెండోదాని మీద పడుతుంది, అది కూడా కాలేదాకా బయటికి తెలియదు.

వైరు మందం దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. ఎక్స్‌హెచ్ పిన్ను పట్టేది అమెరికన్ గేజ్ 28 నుంచి 22 దాకా, అంటే 0.33 చదరపు ఎంఎం మించకూడదు. మన దుకాణాల్లో హుక్-అప్ వైరును పోగుల లెక్కన అమ్ముతారు. 7/36 అంటే బ్రిటిష్ గేజ్ 36 ఎస్‌డబ్ల్యూజీ పోగులు ఏడు, 0.2 చదరపు ఎంఎం, అమెరికన్ లెక్కలో 24 గేజ్. ఇది ఎక్స్‌హెచ్‌కు చక్కగా కుదురుతుంది. 14/38 అంటే 0.25, అదీ కుదురుతుంది. 14/36 మాత్రం 0.41, పిన్నుకు మించింది. దాన్ని పట్టించడానికి నాలుగు పోగులు కత్తిరించేస్తారు, లేదా పూర్తిగా మూసుకోని క్రింపును హౌసింగులోకి తోస్తారు. హౌసింగులో కొక్కెం పడక పిన్ను వెనక్కి జారుతుంది. మీ డిస్‌ప్లేకు 7/36 చాలు. ఇన్సులేషన్ బయటి మందం 1.9 ఎంఎం దాటకుండా చూసుకోండి.

ఇప్పుడు అసలు పని, క్రింపు. నోస్ ప్లయరు వద్దు. ఎస్ఎన్-28బీ అనే రాచెట్ పనిముట్టు ఎక్స్‌హెచ్‌కు, 2.54 జాతికి బాగానే పనిచేస్తుంది. పీహెచ్ లాంటి చిన్న పిన్నులకు దాని దవడ పెద్దదైపోతుంది, వాటికి ఇంజినీర్ కంపెనీ పీఏ-09 లాంటిది కావాలి. వైరు కొస 2 నుంచి 2.5 ఎంఎం మాత్రమే చెక్కండి, ఒక్క పోగు కూడా తెగకూడదు. పిన్నుకు రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగిని పట్టాలి, వెనక జత ఇన్సులేషన్‌ను పట్టాలి. రెండు జతల మధ్య చిన్న కిటికీ లాంటి ఖాళీ ఉంటుంది. నొక్కాక ఆ కిటికీలో రాగి, ఇన్సులేషన్ రెండూ కనిపించాలి. ముందు జతకు అవతల రాగి పోగులు అర ఎంఎం బయటికి కనబడాలి, అంతకు మించి పొడుచుకొస్తే ఎదుటి పిన్ను దూరే దారికి అడ్డం. ముందు రెక్కల అంచు వైరు వైపు చిన్న గంట మూతిలా విచ్చుకుని ఉండాలి. పదునుగా ఉంటే అదురుకు పోగులు అక్కడే తెగుతాయి. నొక్కిన పిన్నుకు మళ్లీ సోల్డరు పెట్టకండి. వైరు లోపలికి ఎక్కి, మెత్తగా వంగాల్సిన చోట పుల్లలా చేస్తుంది. మూత రోజూ తెరిచి మూసే ప్యానెల్లో ఆ వైరు ఎక్కువ కాలం నిలవదు.

ప్రతి విడతలో ఐదు పిన్నులు లాగి తెంచి చూడండి. ఒక స్ప్రింగు కాటా చాలు. 24 గేజ్ వైరు 22 న్యూటన్లు, అంటే కాటా మీద 2.2 కిలోలు తట్టుకోవాలి. 22 గేజ్ అయితే 36 న్యూటన్లు, దాదాపు 3.7 కిలోలు. వీహెచ్‌లో 18 గేజ్ వాడితే 89 న్యూటన్లు, 9 కిలోల పైన. ఇన్సులేషన్‌ను పట్టిన వెనక రెక్కలు విప్పి లాగితేనే ఇది సరైన పరీక్ష, లేకపోతే రాగి పట్టు బలం తెలియదు. ఇంకో పరీక్ష: బెంచ్ సప్లై కరెంటు లిమిటు 1 ఆంపియరుకు పెట్టి, అతికిన జత మీదుగా మిల్లీ వోల్టులు కొలవండి. కొత్త ఎక్స్‌హెచ్ జత 10 మిల్లీ వోల్టుల లోపు ఉండాలి, అంటే 10 మిల్లీ ఓములు. 20 దాటితే ఆ విడత మొత్తం తిరిగి చూడాల్సిందే.

రెడీమేడ్‌గా క్రింపు చేసి వచ్చే ఎక్స్‌హెచ్ కేబుళ్లు కొంటే పని తగ్గుతుంది, కానీ అక్కడా జాగ్రత్త. రెండు కొసలా ఒకే వరుసలో వచ్చేవి, తిరగబడి వచ్చేవి రెండు రకాలూ ఉన్నాయి, ఎర్ర వైరు ఒకటో పిన్నులోనే ఉంటుందన్న నమ్మకం లేదు. కరెంటు ఇచ్చే ముందు మల్టీమీటరు బీపుతో ఒక్కో పిన్ను చూడండి. అలాగే సాకెట్టు, హౌసింగు, పిన్ను ఒకే తయారీదారువి కొనండి. ఒకరి హౌసింగులో ఇంకొకరి పిన్ను దూరుతుంది, కొక్కెం మాత్రం పడదు.

ఎక్స్‌హెచ్‌కు గట్టి తాళం లేదు, రాపిడి మీదే నిలుస్తుంది. కేబులును బోర్డుకు 50 ఎంఎం లోపు ఒక చోట టైతో కట్టేస్తే మీ డిస్‌ప్లేకు అది చాలు. అదురు మరీ ఎక్కువైన చోట అదే పిచ్‌లో తాళం ఉన్న ఎక్స్‌ఏ రకం ఉంది. ఊడకుండా హాట్ గ్లూ పోసే అలవాటు ఈ బాక్సులకు పనికిరాదు, ఎండాకాలం మెత్తబడుతుంది. సిలికోన్ వాడాలంటే వెనిగర్ వాసన వచ్చేది వద్దు, దాంట్లోంచి వెలువడే ఆమ్లం రాగిని తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే తీసుకోండి.

ఉప్పు గాలి విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడ బంగారు పూత కొంటే సరిపోతుందనుకుంటారు. చవక కనెక్టర్ల మీది బంగారం అతి పలుచటి పొర, దాంట్లో సూది బెజ్జాలుంటాయి. ఉప్పు తేమ ఆ బెజ్జాల్లోంచి దిగి కింది లోహాన్ని తింటుంది, పైకి ఆకుపచ్చ చిలుము వస్తుంది. 0.76 మైక్రాన్ల పూత అయితే నిలుస్తుంది, ధరా అలాగే ఉంటుంది. ఒక వైపు బంగారం, ఇంకో వైపు తగరం అన్నది అన్నిటికన్నా చెడ్డ జోడీ. మీ బోర్డుకు రెండు వైపులా తగరం పెట్టి, ప్లగ్గు తోసే ముందు సాకెట్లో కొద్దిగా సిలికోన్ గ్రీజు రాయండి. పిన్ను రాపిడికి గ్రీజు పక్కకు తప్పుకుంటుంది, చుట్టూ మాత్రం తేమను ఆపుతుంది. తగరం పూతను ముప్పై సార్లకు మించి ఊడదీసి పెట్టకూడదు, కాబట్టి టెస్టింగు బల్ల మీద వాడే కేబులును సైటుకు పంపకండి. బోర్డుకు కన్‌ఫార్మల్ కోటింగ్ (తేమను ఆపే లక్క పూత) వేసేటప్పుడు సాకెట్లకు టేపు చుట్టండి. లేకపోతే లక్క పిన్నుల వెంట ఎక్కి కరెంటునే ఆపేస్తుంది.

తగరంతో ఒక చిక్కుంది: దాని మీద పలుచటి ఆక్సైడ్ పొర ఉంటుంది, మరీ చిన్న కరెంటు దాన్ని చీల్చలేదు. మీరు ఫ్లోట్ స్విచ్చులను 5 వోల్టులు, 10 కిలో ఓములతో చదువుతుంటే పారేది అర మిల్లీ ఆంపియరు. దాన్ని 12 వోల్టులు, 1.2 కిలో ఓములకు మార్చి, ఆప్టోకప్లరు (వెలుతురుతో సిగ్నలును దాటించే భాగం) ద్వారా చదవండి. సుమారు 9 మిల్లీ ఆంపియర్లు పారుతాయి, పావు వాటు రెసిస్టరు సరిపోతుంది. ఫ్లోటు దానంతటదే ఆన్, ఆఫ్ అవుతోందన్న ఫిర్యాదుల్లో చాలా భాగం ఈ ఒక్క మార్పుతో పోతాయి.

బాక్సు ఐపీ65ది తీసుకుని గ్లాండ్లన్నీ (కేబులు దూరే బిగింపు నట్లు) అడుగు వైపే పెట్టండి. 3 నుంచి 6.5 ఎంఎం కేబుళ్లకు పీజీ7 సరిపోతుంది. గ్లాండు ముందు కేబులు కిందకి ఒక ఒంపు తిరగాలి, నీళ్లు ఆ ఒంపులోనే కారిపోతాయి. ప్రోబును బాక్సు బయటే ఊడదీయాలనుకుంటే ఎం12 కనెక్టరు ఒక్కటే నమ్మదగింది, ఐపీ67 రక్షణ ఉంటుంది. నట్టు పూర్తిగా బిగించినప్పుడే ఆ రక్షణ. ఏవియేషన్ ప్లగ్గు పేరుతో దొరికే జీఎక్స్16కు నీళ్లను ఆపే సీలు లేదు, హేచరీలో పెట్టకండి.

బోర్డు డబుల్ సైడ్, ప్లేటెడ్ రంధ్రాలతోనే చేయించండి. సింగిల్ సైడు బోర్డులో ప్లగ్గు లాగినప్పుడల్లా బలమంతా రాగి ప్యాడు జిగురు మీద పడి, చివరికి ప్యాడు లేచిపోతుంది. సాకెట్లను అంచున వరుసగా, ప్లగ్గును రెండు వేళ్లతో పట్టుకునే చోటుతో పెట్టండి. ప్రతి సాకెట్టు పక్కనా పిన్ను పేర్లు బోర్డు మీదే తెలుగులో అచ్చు వేయించండి. ప్రతి ప్యానెల్ తలుపు లోపల ఒక కవరులో ఒక్కో రకానికి ఒక అదనపు ప్లగ్గు, పది లగ్గులు, 2.5 ఎంఎం స్క్రూ డ్రైవరు ఉంచండి.